ఇన్‌ఫ్లూయెంజా: సత్వర పరీక్ష

జ్వరముతో, దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవారిలో ఇన్‌ఫ్లూయెంజా ఎవరిదో, వేరొక వ్యాధి ఎవరిదో చూచినంతమాత్రమున చెప్పుట అనుభవజ్ఞుడైన వైద్యునికిని కష్టమే. లక్షణము లొకే తీరున నుండును. రోగిని గుర్తింపక పదిమంది నడుమ పరుండబెట్టినచో, మరియొక వ్యాధికై వచ్చి ప్రక్క మంచముపై నున్న వృద్ధునకు అది సంక్రమింపవచ్చును.

ఈ వైరసును మానవుల నుండి తొలిసారి వేరుపరచినది 1933లో, ఇంగ్లండునందు. అటుపిమ్మట చిరకాలము దానిని కోడిగ్రుడ్లలోనో జీవకణములలోనో పెంచి గుర్తింపవలసి యుండెను. అందుకు దినములు పట్టెడిది. ఫలితము చేతికి వచ్చునప్పటికి రోగి కోలుకొని ఇంటికైనను పోయెడివాడు, లేదా అతని స్థితి విషమించియైనను ఉండెడిది.

నేటి సత్వర పరీక్షలు రెండు విధములు. మొదటిది పట్టీ పరీక్ష. పుల్లకు చుట్టిన దూదితో ముక్కు లోపలి స్రావమును తీసి, ఒక ద్రవమున కలిపి పట్టీకి తగిలింతురు. వైరసునందలి మాంసకృత్తు అందున్నచో 10, 15 నిమిషములలో రంగుగీత కనబడును. రెండవది జన్యుపరీక్ష. ఇది వైరసు జన్యుపదార్థమును అనేక రెట్లు పెంచి చూచును. కొన్ని యంత్రములు ఈ పనిని 15 మొదలు 30 నిమిషములలో ముగించును.

అయితే వేగమొక్కటే చాలదు. వ్యాధి ప్రబలియున్న ఋతువున పట్టీ 'కలదు' అన్నచో సాధారణముగా నమ్మవచ్చును. 'లేదు' అన్నచో మాత్రము తొందరపడి నమ్మరాదు. నూరుగురు ఇన్‌ఫ్లూయెంజా రోగులలో పట్టీ గుర్తించునది సుమారు 50 మొదలు 70 మందిని మాత్రమే. జన్యుపరీక్ష 90 మందికి పైగా గుర్తించును. 2009లో నూతన హెచ్1ఎన్1 వైరసు ప్రపంచమంతట వ్యాపించినపుడు పట్టీ పరీక్షలకు చిక్కనివారు పెక్కుమంది. మన దేశమున ఆ వ్యాధి తొలుత నిర్ధారణయైనది ఆ యేటి మే మాసమున, హైదరాబాదునందే. ఆసుపత్రిలో చేరినవారికి జన్యుపరీక్షయే తగినదని అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘము తన 2018 నాటి మార్గదర్శకములందు సూచించినది.

మరియొక చిక్కు కలదు. వైరసు ఊపిరితిత్తులలోనికి దిగినచో ముక్కునందు దొరకకపోవచ్చును. అప్పుడు శ్వాసనాళముల లోపలి స్రావమును తీసి పరీక్షింపవలయును.

ఓసెల్టామివిర్ అను మందును లక్షణములు కనబడిన 48 గంటలలోపల ఆరంభించినచో మేలు అధికము. కావున వ్యాధి తీవ్రముగా నున్న రోగికి ఫలితమునకై వేచియుండక, అనుమానము కలిగినంతనే ఆ మందు నిత్తురు. ఫలితము వచ్చిన తరువాత రోగిని వేరుగ నుంచుట, అక్కరలేని యాంటీబయోటిక్కులను మానుట మొదలగు విషయములను వైద్యులు నిర్ణయింతురు.

గృహస్థులకు మా మనవి యిది. జ్వరము ఏ దినమున, ఏ వేళ ఆరంభమైనదో గుర్తుంచుకొని వైద్యునకు తెలుపుడు. పరీక్ష మొదటి మూడు నాలుగు దినములలో జరిగినచో వైరసు దొరకు అవకాశ మెక్కువ. పట్టీ 'లేదు' అన్న తరువాతను వైద్యుడు మందు కొనసాగింపుమన్నచో మానివేయకుడు. రోగిని చూడబోవునపుడు ముక్కునకు, నోటికి మాస్కు ధరింపుడు. వెలుపలికి వచ్చినంతనే సబ్బుతో చేతులు కడుగుకొనుడు. పసిబిడ్డలను వార్డునకు తోడుకొని పోకుడు.