ఇంటి దారిని వాన ఎందుకు ఎత్తుకుపోతుంది?

పిల్లలూ! మన జమ్మలమడుగు ప్రాంతంలో వానలు తక్కువ. అయినా గరుసు పోసిన దారులు కొట్టుకుపోవటం మీరు చూస్తూనే ఉంటారు. తక్కువ వాన పడే చోట దారులు ఎందుకు తెగిపోవాలి? ఏడాది మొత్తానికి పడేది తక్కువే గాని, అందులో చాలా భాగం కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురుస్తుంది. దారిని తెంపటానికి అటువంటి గంట ఒక్కటి చాలు.

కొన్నేళ్ళ క్రితం మా ఇంటికి నేనే ఒక దారి వేయించాను. రోడ్డు నుంచి వాకిలి దాకా 20 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, కొంచెం ఏటవాలు. రెండు ట్రాక్టర్ల గరుసు తోలించి, చదునుగా పరిపించి, పని అయిపోయిందనుకున్నాను. అక్టోబరులో ఒక రాత్రి గట్టి వాన పడింది. తెల్లవారేసరికి దారి నడుమ జానెడు లోతు గాడి! ఆ ఉదయమే మా అమ్మకు ఆయాసం వచ్చింది. పిలిచిన ఆటో రోడ్డు మీదనే ఆగిపోయింది. అమ్మను మంచం మీద మోసుకుపోవలసి వచ్చింది. ఆమె కోలుకున్నది. కాని పిల్లలకు సైన్సు చెప్పే నేను ఎక్కడ పొరబడ్డానా అని చాలా రోజులు ఆలోచించాను.

ముందు చిన్న లెక్క చూద్దాం. మా దారి వైశాల్యం 60 చదరపు మీటర్లు. గంటలో 5 సెంటీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడే నీరు 3 ఘనపు మీటర్లు, అంటే 3,000 లీటర్లు. 15 లీటర్ల బిందెలతో 200 బిందెలన్నమాట! దీనికి మిద్దె మీది నీరు కూడా తోడయింది.

ఇక నీటి బలం సంగతి. నీటి వేగం రెట్టింపయితే, అంతే ముఖం ఉన్న రాయిపై దాని తోపుడు 4 రెట్లవుతుంది. ఇప్పుడు పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 4 రెట్లున్న రాయిని తీసుకోండి. దాని ముఖం 16 రెట్లు కనుక తోపుడు 4 × 16 = 64 రెట్లు. దాని బరువు కూడా 4 × 4 × 4 = 64 రెట్లే! అంటే వేగం రెట్టింపయిన నీరు 64 రెట్లు బరువైన రాయిని దొర్లించగలదు. గండికోట దగ్గర మన పెన్న ఎర్రమల కొండలను కోసుకుపోయింది కూడా ఇలా మోసుకువచ్చిన ఇసుకతో, రాళ్ళతో రాచిరాచే. కనుక దారి మీద నీటికి లోతు, వేగం రాకముందే దానిని పక్కకు పంపాలి. చదునైన దారిలో చక్రాల గాళ్ళే కాలువలవుతాయి. నా పొరపాటు అదే.

దారి తాబేలు వీపులా ఉండాలి. నడుమ నుంచి అంచుకు మీటరుకు 4 సెంటీమీటర్ల వాలు చాలు. మా దారికి సగం వెడల్పు మీటరున్నర కనుక నడుమ 6 సెంటీమీటర్లు ఎత్తు. రెండు పక్కలా కాలువ తీయాలి. ఏటవాలుగా ఉంటే, చేలల్లో గట్లు వేసినట్లు, కాలువలో అక్కడక్కడ నాపరాయి ముక్కలు అడ్డం పెడితే నీరు నెమ్మదిస్తుంది. మిద్దె నీటిని దారిమీద పడకుండా మళ్ళించాలి.

రాయి ఎంపిక కూడా ముఖ్యమే. ఏటిలోని గుండ్రటి గులకరాళ్ళు గోళీల్లా దొర్లిపోతాయి. పగలగొట్టిన కంకర మూలలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. 1816లో ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతపు రోడ్ల బాధ్యత తీసుకున్న జాన్ మెకాడమ్ చెప్పినది ఇదే: పగిలిన చిన్నరాళ్ళు వాడండి, అడుగు నేలను పొడిగా ఉంచండి. మన నల్లరేగడిలో ఈ రెండవ మాట మరీ అవసరం. రేగడి తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. రాళ్ళు అందులో దిగబడిపోతాయి. ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అందుకే దారిని చుట్టుపక్కల నేల కంటె ఎత్తుగా వేయాలి. రాళ్ళ సందులు పూడటానికి ఇసుక, పట్టు కోసం కాస్త బంకమన్ను కలవాలి.

వేసిన తరువాత కూడా పని ఉంటుంది. ప్రతి పెద్ద వాన తరువాత అంచులకు జారిన గరుసును పారతో నడుమకు లాగాలి. గుంతలో ఊరికే రాళ్ళు పోస్తే చక్రాలు వాటిని ఎగజిమ్ముతాయి. గుంత అంచులు నిలువుగా తవ్వి, తడిపి, గరుసు నింపి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి.

మీరే పరీక్షించండి. వాలుగా పెట్టిన రేకు మీద తడి ఇసుకతో రెండు దారులు చేయండి: ఒకటి చదునుగా, ఒకటి నడుమ ఎత్తుగా. చిల్లుల డబ్బాతో రెండింటి మీదా సమానంగా నీళ్ళు చల్లండి. ఏది ముందు తెగుతుందో చూడండి.

మా దారిని మళ్ళీ వేయించి నాలుగు వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు వాన పడుతూ ఉండగానే గొడుగు వేసుకుని బయటకు వెళతాను. నీరు ఎటు పోవాలనుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. మీరూ ఈసారి వానలో మీ ఇంటి దారిని ఒక్కసారి చూడండి.