పిల్లల షిఫ్టు ఎన్ని గంటలు?



మన మందమర్రిలో రోజును షిఫ్టులతో లెక్కపెట్టడం అందరికీ అలవాటే. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనికి రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పరిమితిగా పెట్టింది. వారంలో ఒక రోజు విశ్రాంతి తప్పనిసరి. షిఫ్టు అయ్యాక క్యాప్ ల్యాంప్‌ను ల్యాంప్ రూమ్‌లో అప్పగిస్తే ఆ రోజు పని అయిపోయినట్టే.

ఇప్పుడు మీ పదో తరగతి అమ్మాయి లేదా అబ్బాయి రోజును కాగితం మీద రాయండి. బడి, ట్యూషన్, హోంవర్క్, బస్సు ప్రయాణం. మా స్టడీ అవర్‌నూ వదలకుండా కలపండి. మొత్తం ఎంత వచ్చింది?

కొరియాలో పుట్టి జర్మనీలో స్థిరపడిన తత్వవేత్త బ్యుంగ్-చుల్ హాన్ 2010లో ఈ అలసట మీదే ఒక చిన్న పుస్తకం రాశారు. ఒకప్పుడు 'చేయాలి' అని పైవాడు ఆజ్ఞాపించేవాడు. ఇప్పుడు 'నువ్వు చేయగలవు' అని మనల్ని మనమే తరుముకుంటున్నాం అంటారాయన. పైవాడి మీదైతే సమ్మె చేయొచ్చు. సమ్మె అంటే ఏమిటో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. తానే కూలీ, తానే సర్దార్ అయినవాడు ఎవరి మీద సమ్మె చేస్తాడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కు మూడు లక్షణాలు చెప్పింది: తీరని అలసట, పని మీద విరక్తి, పనితనం తగ్గడం. ఆ నిర్వచనం ఉద్యోగాలకే. అయినా, ఇష్టమైన సబ్జెక్టు పుస్తకం కూడా తెరవని పిల్లల్ని వెంటనే బద్ధకస్తులనకండి. ముందు ఎన్ని గంటలు పడుకుంటున్నారో చూడండి.

రాత్రి పుస్తకాలు మూసే వేళ ఒకటి ఇంట్లో ఖాయం చేయండి. ఆ తర్వాత మార్కుల మాట ఎత్తొద్దు, పరీక్షల వారంలో కూడా.