సరైన జవాబు ఎందుకు సరైనది?

“రోజుకు నలభై ప్రశ్నలు చేస్తున్నాను సార్. మార్కులు మాత్రం పెరగడం లేదు” అంటూ ఇటీవల ఒక పాత విద్యార్థిని నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఎం.బి.ఏ. కోసం జీమ్యాట్ పరీక్షకు సిద్ధమవుతోంది. ఆ పరీక్ష ఫీజు వేలల్లో ఉంటుంది. మళ్ళీ రాయాలంటే మళ్ళీ కట్టాలి, కనీసం 16 రోజులు ఆగాలి. తండ్రి చేత రెండోసారి ఫీజు కట్టించడం ఆమెకు ఇష్టం లేదు.

నోటుపుస్తకం తిరగేశాను. పేజీల నిండా టిక్కులు, ఇంటూ గుర్తులు. ఫలానా జవాబు ఎందుకు తప్పయిందో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.

జీమ్యాట్‌లో వెర్బల్ విభాగానికి 45 నిమిషాలు, 23 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా ఉండవు. 2023 చివరలో వచ్చిన కొత్త విధానంలో వాక్యాల తప్పులు దిద్దే ప్రశ్నలు తొలగించారు. ఇప్పుడు ఈ విభాగంలో ఉన్నవి రెండే రకాలు: రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్. ఈ రెండో రకంలో చిన్న పేరాలో ఒక వాదన ఇస్తారు. దాన్ని బలపరిచేది ఏది, బలహీనపరిచేది ఏది, అది చెప్పకుండానే దేన్ని నిజమనుకుంటోంది అని అడుగుతారు. ఐదు జవాబులలో ఒకటి ఎంచుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ‘ఒక పట్టణంలో జూన్ నెలలో బస్సు చార్జీలు తగ్గించారు. ఆ నెలలో ప్రయాణికులు పెరిగారు. కాబట్టి చార్జీలు తగ్గించినందువల్లనే ప్రయాణికులు పెరిగారు.’ ఈ వాదనను బలహీనపరిచేది ఏది? ‘చార్జీలు తగ్గించడం వల్ల బస్సుల సంస్థకు నష్టం వచ్చింది’ అన్నది ఒక జవాబు. ‘వేసవి సెలవుల తర్వాత బడులు, కాలేజీలు జూన్‌లోనే తెరిచారు’ అన్నది మరొకటి.

ఆమె మొదటిది ఎంచుకుంది. “నష్టం వస్తే అది మంచి పని కాదు కదా సార్!” అంది.

“మంచి పనా, కాదా అని ఎవరడిగారు బేటీ? ప్రయాణికులు ఎందుకు పెరిగారన్నదే ఇక్కడి మాట” అన్నాను. కాసేపు ఆలోచించి, తానే రెండో జవాబు మీద వేలు పెట్టింది.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. వాదనను పరీక్షించడానికి బదులు తమ అభిప్రాయం చెబుతారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారికి దావా, దలీల్ అనే మాటలు తెలిసినవే. మదర్సాలో మంతిఖ్ చదివినవారికి వాటిని విడదీయడమూ అలవాటే. పై ఉదాహరణలో చార్జీలే కారణమన్నది దావా. ఆ నెలలోనే ప్రయాణికులు పెరగడం దలీల్. ఈ రెంటి మధ్య పైకి చెప్పని మాట ఒకటుంది: ‘ఆ పెరుగుదలకు వేరే కారణం లేదు.’ దాన్ని తిరగేసి, ‘వేరే కారణమే ఉంది’ అనుకోండి. దావా నిలబడదు. వాదన దేనిపై ఆధారపడిందో తెలుసుకోవడానికి ఇలా తిరగేసి చూడడం మంచి పద్ధతి.

అందుచేత రోజుకు నలభై వద్దు, పది చాలు. పరీక్ష నిర్వహించే సంస్థ ప్రచురించే అధికారిక గైడు నుంచే ప్రశ్నలు తీసుకోవాలి. జవాబులు చూడకముందే దావా, దలీల్ సొంత మాటల్లో రాసుకోవాలి. అది తెలుగులోనైనా, ఉర్దూలోనైనా సరే. తర్వాత మిగిలిన నాలుగు జవాబులు ఎందుకు తప్పో ఒక్కో వాక్యం రాయాలి. ఊహించి పెట్టిన జవాబు సరైనదే అయినా ఈ పని మానకూడదు. తప్పు పోయినవి వారం తర్వాత మళ్ళీ చేయాలి. పద్ధతి చేతికి వచ్చాకే గడియారం ముందు పెట్టుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. సాయంత్రం పిల్లల్ని ‘ఈ రోజు ఎన్ని ప్రశ్నలు చేశావు?’ అని అడగకండి. ‘ఏది తప్పు పోయింది? ఎందుకు పోయింది?’ అని అడగండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, ఆ ప్రశ్న వారికి నిజంగా అర్థమైనట్లే.