వార్తల్లో పదం: కార్జపు జలగ

మన గొఱ్ఱెల కాపరు లెఱిగిన కార్జపు జలగకు దాయాదియగు ఒపిస్థార్కిస్ వివెర్రిని యను పరాన్నజీవి, థాయిలాండు ఈశాన్య ప్రాంతమునను లావోసునను మంచినీటి నత్తలలో పెరిగి, వాని దేహమునుండి వెలువడి, కార్ప్ కుటుంబపు చేపల కండరములలో సూక్ష్మకోశములుగా నణగియుండి, ఆ మత్స్యములను పచ్చిగా భుజించిన మానవుని పిత్తనాళములను జేరి యేండ్ల తరబడి నివసించును. అచ్చట నది కలిగించు నిరంతర శోథము పిత్తనాళపు క్యాన్సరునకు దారితీయుచున్నందున, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1994లో దీనిని మానవులకు క్యాన్సరు కారకమని నిర్ణయించినది. పచ్చిచేపను నిమ్మరసముతో కలిపి చేయు 'కోయి ప్లా' యచ్చటి పల్లెజనులకు తాతతండ్రుల నాటి ప్రీతిభోజనమగుటచే, దానిని మానుడని చెప్పుట సులభము గాదు. ఆ నిమ్మపులుపు కోశములను చంపునని నమ్మదగినది గాదు. ప్రాజిక్వాంటెల్ మాత్ర పురుగును నశింపజేయునే కాని, పచ్చిచేపను మరల తినువానిని మరల సోకకుండ కాపాడజాలదు. లోపలివఱకు చక్కగా నుడికిన చేపలో ఈ కోశములు బ్రతుకవు.