అరుదంటే ఏ రకం అరుదు?

ఎర్రచందనం అరుదైన చెట్టు. అయినా శేషాచలం కొండల్లో కొన్నిచోట్ల గుంపులుగా పెరుగుతుంది. కలివికోడి అనే పక్షీ అరుదైనదే. లంకమల చిట్టడవుల్లో ఏళ్ల తరబడి గాలించినా కంటపడదు. ఈ రెండింటికీ ‘అరుదు’ అనే ఒక్క మాట సరిపోతుందా? సరిపోదని 1981లోనే తేల్చినవారు అమెరికన్ శాస్త్రవేత్త డెబొరా రబినోవిట్జ్. ఆమె గీసిన పట్టిక జీవావరణ శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ శాస్త్రం చదవనివారికి మాత్రం ఆమె పేరు కూడా తెలియదు.

ఆమె మొక్కల గురించి అడిగిన ప్రశ్నలు 3. ఎంత మేర వ్యాపించింది? ఎన్ని రకాల పరిసరాల్లో బతకగలదు? కనీసం ఒక్కచోటైనా పెద్ద సంఖ్యలో ఉందా? ఒక్కో ప్రశ్నకు రెండేసి జవాబులు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. అలా 8 గడులు వచ్చాయి. మూడు జవాబులూ మొక్కకు అనుకూలంగా ఉండేది ఒక్క గడిలోనే. అందులోవి సాధారణ మొక్కలు. మిగిలిన 7 గడుల్లోవీ అరుదైనవే, ఏ గడి తీరు దానిదే.

గడులు గీసి ఊరుకోలేదామె. సారా కెయిర్న్స్, థెరిసా డిలన్‌లతో కలిసి బ్రిటిష్ దీవుల మొక్కలను ఆ గడుల్లో పేర్చి చూశారు. 1986లో వచ్చిన ఆ లెక్కలో 160 జాతులున్నాయి. వాటిలో సాధారణమైనవి 58 మాత్రమే. తక్కిన 102 ఏదో ఒక విధంగా అరుదు. ఆ 102లో 71 ఒకే గడిలో పడ్డాయి: దూరదూరాలకు వ్యాపించాయి, ఉన్నచోట దండిగానే ఉన్నాయి, కానీ ప్రత్యేకమైన పరిసరాలు తప్పితే బతకలేవు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే అంకె ఇదే. పైకి దండిగా కనిపించే మొక్క కూడా దానికి కావలసిన నేల పోతే పోతుంది. దాన్ని కాపాడాలంటే ఆ నేలను కాపాడాలి. ఒక గడిలో మాత్రం సున్నా. కొద్ది ప్రాంతానికే పరిమితమై, ఎక్కడ చూసినా కొద్దిపాటిగానే ఉంటూ, రకరకాల పరిసరాల్లో బతికే మొక్క ఒక్కటీ దొరకలేదు.

పల్చగా ఉన్నదల్లా బలహీనమని ఆమె అనుకోలేదు. మిస్సోరీ పచ్చిక మైదానాల్లో అక్కడొకటి ఇక్కడొకటిగా కనిపించే గడ్డిజాతులను ఇతర జాతుల మధ్య పెంచి చూశారు. అవి పోటీని బాగానే తట్టుకున్నాయి. అంతకుముందు పనామాలో మడచెట్ల మొలకలు నీటిపై తేలుతూ ఎలా వ్యాపిస్తాయో పరిశీలించారు. ఇంత పని చేసి, 1987లో నలభై ఏళ్ల ప్రాయంలోనే కన్నుమూశారు.

మొక్కల కోసం గీసిన గడులే జంతువులకూ పనికొస్తున్నాయి. కలివికోడిని అందులో పెడితే మూడు జవాబులూ ప్రతికూలమే: చిన్న ప్రాంతం, ముళ్లపొదల అడవి తప్ప మరో నెలవు లేదు, సంఖ్య అత్యల్పం. ఎర్రచందనానికి మొదటి రెండు జవాబులూ అవే, మూడోది వేరు. రక్షణ కూడా వేరుగానే ఉండాలి. ఒకదానికి గొడ్డలి నుంచి కాపలా ముఖ్యం, మరొకదానికి పొదలు చదును కాకుండా చూడటం ముఖ్యం.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆ 8 గడులను బోర్డు మీద గీసినప్పుడు, పైన డెబొరా రబినోవిట్జ్ అని రాయండి.