వెండికొండ దేశము బొలీవియా

మన పురాణములు చెప్పు వెండికొండ పరమేశ్వరుని నివాసము. దక్షిణ అమెరికాయందలి బొలీవియా వెండికొండ కూలివాని పాలిటి యమపురి. 1545లో పొటోసీయందు సెర్రో రికో పర్వతగర్భమున వెండి బయల్పడిన పిమ్మట, స్పెయిన్ రాజప్రతినిధి టోలెడో ఇంకాల కాలపు ‘మితా’ అను వెట్టిని తిరుగదోడి, గ్రామములు తమ పురుషులలో ఏడవవంతును ఏటేట గనులకు పంపవలెనని శాసించెను. సముద్రమట్టమునకు 4000 మీటర్ల ఎత్తున, ఊపిరికి గాలియే చాలని చోట, ఆ జనులు త్రవ్వితీసిన వెండి ఐరోపా మీదుగా చైనాకును మన దేశమునకును గూడ ప్రవహించెను.

1825లో స్వాతంత్ర్యము వచ్చెను గాని భూస్వాముల పెత్తనము పోలేదు. 1879లో చిలీతో మొదలైన యుద్ధమున సముద్రతీరమంతయు చేజారెను. తీరము లేకున్నను ఆ దేశమునకు నేటికిని నౌకాదళ మున్నది! వెండి వెనుకబడి తగరము ముందుకు రాగా, పటీన్యో, హోక్‌షీల్డ్, అరమాయో అను ముగ్గురు గనియజమానులు ప్రభుత్వమునే శాసింపగలవారైరి. పరాగ్వేతో 1932 మొదలు 1935 వరకు జరిగిన చాకో యుద్ధమున ఓడి మరలివచ్చిన సైనికులు ఈ ఏర్పాటునే ప్రశ్నింపసాగిరి.

1952 ఏప్రిల్‌లో డైనమైటు చేతబట్టిన గనికార్మికులు సైన్యము నోడింపగా, అధికారమునకు వచ్చిన విక్టర్ పాజ్ ఎస్టెన్సోరో, చదువురాని ఆదివాసులకును స్త్రీలకును ఓటుహక్కు నొసగి, అక్టోబరు 31న ఆ ముగ్గురి గనులను జాతీయము గావించి, మరుసటియేట భూసంస్కరణకు పూనుకొనెను. అయినను గనిని జాతీయము చేయవచ్చును గాని, లండన్ విపణిలో నిర్ణయమగు తగరపు ధరను జాతీయము చేయ నెవ్వరి తరము?

1985లో ద్రవ్యోల్బణము ఏటికి 8000 శాతమును మించినపుడు మరల అధ్యక్షుడైనవాడు, 77 ఏండ్ల ఆ ఎస్టెన్సోరోయే. ఆగస్టు 29న 21060వ సంఖ్యగల శాసనముతో ఆయన ధరలపై అదుపు నెత్తివేసి, ప్రభుత్వవ్యయమును కుదించెను; ధరలు కొలది వారములలోనే అణగెను. అక్టోబరులో తగరపు విపణి కుప్పగూలగా, ప్రభుత్వగనులనుండి 20 వేలకు పైబడిన కార్మికులు వీధిపాలైరి. ఆయనను ద్రోహి యనువారు కలరు. నాకు తోచినంతవరకు, అసలు దోషము ఆ యొక్క యేటిది గాదు; నడుమ గడచిన మూడు దశాబ్దులలో తగరమునకు తోడుగా మరియొక జీవనాధారమును నిర్మింపని పాలకులందరిది; వారిలో ఆయనయు నొకడు.

పనిపోయినవారిలో పలువురు చాపారే ప్రాంతమునకు వలసపోయి కోకా పండించిరి. గనులలో నేర్చిన సంఘశక్తిని వెంట గొనిపోయిరి. అచటి కోకా రైతుసంఘముల నాయకుడు ఎవో మొరాలెస్ 2005 ఎన్నికలలో గెలిచి, 2006 మే 1న సహజవాయువును జాతీయము గావించెను. ఆ రాబడితో పేదరికము కొంత తగ్గినమాట నిజమే. ఇపుడు వాయూత్పత్తి క్షీణించి, 2023 నుండి డాలర్లకు కటకట యేర్పడగా, ఏలికల చూపు ఉయునీ ఉప్పుమైదానమునందలి లిథియముపై నిలిచియున్నది. దాని ధరయు బొలీవియాలో నిర్ణయమగునది కాదు.