రైలు నవల, దాని పాఠకులు: ఒక పరిశీలన

తెలుగు నవలా చరిత్రలలో కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912–1975) ప్రస్తావన సాధారణంగా ఒకటి రెండు వాక్యాలతో ముగుస్తుంది. ఆయన వెయ్యికి పైగా నవలలు రాశారన్న ప్రతీతిని ఆశ్చర్యంతోనో, కొంత వెటకారంతోనో చెప్పి చరిత్రకారులు ముందుకు సాగిపోతారు. జంపన చంద్రశేఖరరావుకు ఆ మాత్రం చోటు దక్కడం కూడా అరుదు. రచన విలువను నిర్ణయించడం ఒక పని. పాఠకుల అభిరుచిని తెలుసుకోవడం వేరొక పని. మొదటిదానికి వాడిన కొలబద్దతోనే రెండవదాన్నీ కొలవడం వల్ల ఒక విస్తారమైన పాఠకలోకం మన పరిశోధనకు అందకుండా పోయింది.

'రైలు నవలలు' అన్న పేరులో చిన్నచూపు ఉన్న మాట నిజమే. కాని పంపిణీ రహస్యం కూడా ఆ పేరులోనే ఉంది. గ్రంథాలయోద్యమం పాఠకుణ్ణి పుస్తకం దగ్గరకు రప్పించింది. కొవ్వలి నవల పాఠకుడు ఉన్న చోటికే వచ్చింది. స్టేషనులో చేతి చిల్లరకు దొరికేది, ప్రయాణంలోనే పూర్తయ్యేది. ఇల్లు చేరాక ఆడవారి చేతికి, అక్కడి నుంచి ఇరుగుపొరుగుకు వెళ్లేది. స్త్రీలకు చదివే అలవాటు చేసినది కొవ్వలి అన్న మాటలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు గాని, కొట్టిపారేయదగినది కాదు.

భాష విషయం ఇంకా ముఖ్యమైనది. గిడుగు రామమూర్తి 1940లో మరణించే నాటికి వ్యావహారికం విద్యాసంస్థలలో పూర్తిగా నిలదొక్కుకోలేదు. ఈ నవలల పాఠకులు ఆ వాదోపవాదాలను ఎరగకుండానే వాడుక భాషలో కథ చదవడానికి అలవాటుపడ్డారు. వ్యావహారిక భాషోద్యమ చరిత్రలో వీరికి ఒక అధ్యాయం ఉండాలని నా అభిప్రాయం.

అభిరుచిని 'ఉన్నతం', 'చవకబారు' అని విడదీయడం కూడా అంత సులభం కాదు. ఆ దశాబ్దాలలోనే చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటి అనువాదకుల ద్వారా శరత్ బాబు తెలుగు రచయిత అన్నంతగా ఇళ్లలోకి వచ్చారు. 1953 నాటి 'దేవదాసు' చిత్రం ఆ ఆదరణను మరింత పెంచింది. శరత్ నవల, కొవ్వలి నవల ఒకే పాఠకురాలి చేతికి వచ్చి ఉండవన్న ఊహకు ఆధారం లేదు. రచయితలలోనూ ఈ గీత చెరిగిపోతుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, సహాయకుడు రాజు పాఠకులను ఉర్రూతలూగించిన రంగంలోనే 'త్వమేవాహం' కవి ఆరుద్ర కూడా అపరాధ పరిశోధక నవలలు రాశారు.

అసలు చిక్కు ఆధారాలది. నాసిరకం కాగితంపై అచ్చయి, చేతులు మారి, అద్దె పుస్తకాల దుకాణాలలో నలిగి ఈ ప్రతులు చాలావరకు నశించాయి. భద్రపరచదగినవని భావించినవారు తక్కువ. అందువల్ల పరిశోధకులు ముందుగా చూడవలసినవి 1867 నాటి పుస్తకాల నమోదు చట్టం ప్రకారం మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటించిన పట్టికలు. వాటిలో గ్రంథనామం, రచయిత పేరుతో పాటు ముద్రణాలయం, పుటలు, వెల, ముద్రించిన ప్రతుల సంఖ్య నమోదయ్యేవి. ఏ నవల ఎన్ని ప్రతులు వేశారో, మళ్లీ ఎప్పుడు అచ్చువేశారో వరుసగా రాసుకుంటే అభిరుచి గురించి జ్ఞాపకాలపై ఆధారపడే అవసరం తగ్గుతుంది. అయితే 1948కి ముందు హైదరాబాదు సంస్థానంలో అచ్చయినవి ఈ పట్టికల పరిధిలోకి రావు. తెలంగాణ పాఠకుల సంగతి తెలుసుకోవడానికి అక్కడి పాత గ్రంథాలయాల ఎరువు రిజిస్టర్లు, చందాదారుల జాబితాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వెతకవలసిందే.